యంత్రం మీద రాగం

(ఉగాది ఏర్పాట్ల సభలో చేసిన ప్రసంగం)



నేను రైల్వే గుమాస్తాను. సంగీతశాస్త్రం చదివినవాణ్ణి కాను. అయినా ఒక సంగతి మనవి చేయవలసి వచ్చింది. మన కుర్రవాడొకడు కంప్యూటరు ముందు ఒక్కడే కూర్చుని, నక్షత్రాల నడుమ తిరిగే ఓడ కథగా ఎనిమిది బాణీలు కట్టాడు. దీన్ని సింథ్‌వేవ్ అంటారట. 1980ల నాటి సింథసైజరు నాదంతో రేపటి లోకాన్ని ఊహించడం దాని పద్ధతి. పండుగనాడు పావుగంట అడిగితే, మనిషి లేని సంగీతం మనకెందుకన్నారు కొందరు.

రేపటిని పాడడం మనకు కొత్త కాదు. చింతామణి పక్కన కైవారంలో గాజులమ్మిన తాతయ్యగారు తెలుగు, కన్నడ భాషల్లో తత్వాలు పాడి, కాలజ్ఞానం చెప్పారు. 1991లో ‘ఆదిత్య 369’ మనల్ని 2504వ సంవత్సరానికి తీసుకుపోతే చప్పట్లు కొట్టాం. ఇక అభ్యంతరమల్లా యంత్రం మీదనే గదా!

అయితే చరణ్‌జిత్ సింగుగారి సంగతి వినండి. బొంబాయిలో హిందీ సినిమా వాద్యబృందాల్లో వాయించిన మనిషి. 1982లో మూడు జపాను యంత్రాలు ముందు పెట్టుకుని, ఒక్కరే, పది రాగాలు డిస్కో తాళంలో వాయించి రికార్డు చేశారు. వాటిలో యమన్ మన కల్యాణి, మాల్కౌంస్ మన హిందోళం, భూపాలి మన మోహన. భూపాళం కాదు సుమండీ! ఆ యంత్రాల్లో రోలాండ్ టీబీ-303 అనేది, తోడు లేని గిటారువాడికి మంద్రస్వరం అందించడానికి చేసిన చిన్న పెట్టె. అందులో స్వరాలు ముందుగా పేర్చాలి. ఏది జారాలో, ఏది నొక్కి పలకాలో కూడా మనిషే చెప్పాలి. చెప్పినదాన్నే అది తిప్పి తిప్పి పలుకుతుంది. రాగం తెలిసినవాడు పేరిస్తే రాగానికి ఆసరా అవుతుంది; తెలియనివాడు పేరిస్తే గానుగెద్దే. మరి మనిషి లేనిదెక్కడ?

ఆ రికార్డు ఆనాడు పెద్దగా అమ్ముడుపోలేదు. 1987లో అమెరికాలో చికాగో కుర్రవాళ్లు అదే పెట్టెతో యాసిడ్ హౌస్ అనే కొత్త బాణీ లేపారు. 2010లో సింగుగారి రికార్డు మళ్లీ వెలువడ్డాక, అటువంటి నాదం ఐదేళ్ల ముందే బొంబాయిలో పుట్టిందని పడమటివాళ్లు ముక్కున వేలేసుకున్నారు. డెబ్బై దాటిన ఆయన్ను పిలిపించి వాయింపించుకున్నారు. 2015లో ఆయన కాలం చేశారు.

మన కుర్రవాడు అంతటివాడని నేననను. మూడో బాణీలో హిందోళం ఎత్తుకుని నడిమధ్య వదిలేశాడు, నాకది నచ్చలేదు. కాని ఊరుగాని ఊళ్లో పుట్టిన పిల్లలకు మనదేదీ పట్టడం లేదని ఏటా ఉగాదికి వాపోతామే, వీడు ఎవరూ చెప్పకుండానే హిందోళం వెతుక్కున్నాడు. దాన్ని ఎందుకు వదిలేశావురా అని అడగాలన్నా మనం ముందు వినాలి.

పచ్చడి పంచిన తర్వాత, హరికథకు ముందు, ఆ పావుగంట ఇప్పించండి. స్పీకర్ల సంగతి నేను చూసుకుంటాను.