జొన్నచేనుకు తండ్రి

జహీరాబాదు నుండి ముంబయి మార్గమున పోవునప్పుడు కర్ణాటక సరిహద్దు దాపున చిరాగ్‌పల్లి గ్రామము కలదు. ఆ ప్రాంతపు నల్లరేగడి నేలలలో యాసంగి జొన్న విత్తుట తరతరాల వాడుక. చలికాలమున కంకులు పూతకు వచ్చును. జొన్నరొట్టె మన పళ్ళెములోనికి వచ్చుటకు ముందు ఆ కంకిలో జరుగు వివాహమును గూర్చి మనలో పెక్కుమంది ఆలోచింపము. దానిని గూర్చియే నేడు కొంత ముచ్చటించుకొందము.

జొన్నపూవులో పుప్పొడి తిత్తులును, పుప్పొడిని అందుకొను కీలాగ్రమును ఒక్కచోటనే ఉండును. నడిరేయి దాటిన పిమ్మట పూవులు విచ్చును. చాలవరకు తన పుప్పొడి తన కీలాగ్రము మీదనే పడును. అందుచేతనే తాతనాడు విత్తిన జొన్న మనుమనినాటికిని ఆ జొన్నగానే నిలిచినది.

రెండు వేరు వేరు జొన్నలను కలిపినచో పుట్టిన పైరు తల్లిదండ్రులను మించి ఏపుగా పెరిగి, ఎక్కువ గింజ నిచ్చుట కలదు. దీనినే సంకర జొన్న అందురు; రైతుల నోట ఇది హైబ్రిడ్ జొన్న. కాని ఈ కలయిక జరిపించుట యెట్లు? ఒక్కొక్క కంకికి పూవులు వేలకొలదిగా ఉండును. ప్రతి పూవునుండి పుప్పొడి తిత్తులను చేతితో తీసివేయుట పరిశోధకునికి నాలుగు కంకులలో సాధ్యము; ఎకరాల కొలది చేలలో అసాధ్యము.

ఈ చిక్కును విడదీసినది 1954లో వెలువడిన స్టీఫెన్స్, హాలండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుల పరిశోధన. వారు మైలో అను జొన్న కణద్రవ్యములోనికి కాఫిర్ అను జొన్న కేంద్రకమును ప్రవేశపెట్టిరి. కేంద్రకములోని లక్షణములు తల్లినుండియు, తండ్రినుండియు సంక్రమించును. దాని చుట్టునుండు కణద్రవ్యము మాత్రము తల్లినుండియే వచ్చును. మైలో కణద్రవ్యమునకు, కాఫిర్ కేంద్రకమునకు పొత్తు కుదరలేదు. పుప్పొడి చెడినది, కీలాగ్రము చెక్కుచెదరలేదు. ఇదియే పురుష వంధ్యత్వము. ఇట్టి మొక్క తనంతట తాను గింజ కట్టలేదు. పరాయి పుప్పొడి సోకినచో చక్కగా కట్టును. తల్లిగా నిలుపుటకు ఇంతకన్న అనువైన మొక్క లేదు.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. ఆ తల్లి కణద్రవ్యము బిడ్డకును వచ్చును గదా! అప్పుడు రైతు కొనితెచ్చి విత్తిన సంకర పైరు కూడ పుప్పొడి లేనిదే అగును. చేను పచ్చగా పెరిగి, కంకి వేసి, తాలుగా మిగులును. ఉల్లిలోనైనచో ఈ బెంగ లేదు. మనకు కావలసినది గడ్డయే గాని గింజ కాదు. జొన్నలో గింజయే సర్వస్వము. కనుక తండ్రి కేవలము పుప్పొడి నిచ్చిన చాలదు. బిడ్డ కోల్పోవలసిన పుప్పొడి శక్తిని తిరిగి ఇచ్చు జన్యువును కూడ అతడు తేవలెను. అట్టి తండ్రిని పునరుద్ధారకుడు అనవచ్చును. ఆ జన్యువు లేని తండ్రి వంశమును వంధ్యముగానే నిలుపును. అతనికిని ఒక పని కలదు: తల్లి విత్తనమును ఏటేట వృద్ధిచేయుటకు అట్టివాడే కావలెను.

మన దేశమున ఈ పద్ధతిని వచ్చిన తొలి సంకర జొన్న 1964లో విడుదలైన సి.ఎస్.హెచ్. 1. ఈ కృషిలో అగ్రగణ్యులైన ఎన్.జి.పి. రావుగారు తెలుగువారు. పిమ్మట ఇట్టి సంకరములు వానకాలపు జొన్న చేలలో విస్తారముగా వ్యాపించినవి. యాసంగిలో మాత్రము అంతగా నిలువలేదు. రాత్రి చలి హెచ్చినచో కొందరు తండ్రులిచ్చు పునరుద్ధరణ శక్తి సన్నగిల్లి, కంకిలో గింజ పలుచబడును. రొట్టెకు కావలసిన తెల్లని, లావైన గింజయు సంకరములలో సులభముగా దొరకలేదు. అందుచేతనే యాసంగి రైతు నేటికిని మాల్దండి వంటి పాత జొన్నను విడువలేదు.

మరియొక విశేషము. వంధ్య కణద్రవ్యము అమెరికా సొత్తు మాత్రమే కాదు. 1960 దశకపు తొలి ఏండ్లలో మన దేశవాళీ జొన్నలలోను అది బయటపడినది. విజయనగరము, గుంటూరు పేరులతో పిలువబడునవి కొన్ని; మాల్దండి జొన్నలో కనబడినది మరియొకటి. తల్లులు మన ఇంటనే దొరకిరి; వారికి తగిన పునరుద్ధారకులు మాత్రము మిక్కిలి అరుదు. కాబట్టి వ్యాపార సంకరములు ఇంచుమించుగా అన్నియు మైలో తల్లి మీదనే ఆధారపడినవి.

ఒకే తల్లి మీద ఆధారపడుట ఎంత అపాయమో 1970లో అమెరికా మొక్కజొన్న రైతులు అనుభవించిరి. అక్కడి సంకరములలో అధికభాగము టెక్సస్ కణద్రవ్యము గలవే. ఆ కణద్రవ్యమునకే లొంగు ఆకుమాడు తెగులు వ్యాపించి, దేశపు పంటలో సుమారు 15 శాతము నష్టమైనది.

అట్లయినచో కొత్త తండ్రులను ఎక్కడ వెదకవలెను? పాత జొన్నలలోనే. ఏ జొన్న పునరుద్ధరించునో, ఏది వంధ్యముగానే నిలుపునో గింజను చూచి చెప్పలేము. వంధ్యమైన తల్లితో కలిపి, పుట్టిన పైరును చూచియే తెలిసికొనవలెను. ఇదే మార్గమున హైదరాబాదు వైపు పోయినచో పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థ వేలకొలది జొన్న రకములను చల్లని గదులలో భద్రపరచుచున్నది. జహీరాబాదు పల్లెలలో 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములవారు పచ్చజొన్న, తెల్లజొన్న వంటి పాత విత్తనములను బూడిద, వేపాకు కలిపి ఇండ్లలో నిలువచేసిరి. చల్లని గదిలోని గింజ ఉన్నది ఉన్నట్లు నిలుచును. ఏటేట చేనిలో పడు గింజ అక్కడి చలికి, తెగులుకు అలవాటు పడును. రెండును కావలెను.

ఇక గృహస్థులు పాటింపవలసినవి రెండు మాటలు. సంకర జొన్న గింజను తినవచ్చును, అమ్మవచ్చును, విత్తనముగా దాచరాదు. పునరుద్ధరణ ప్రధానముగా ఒక జన్యువు మీద నడచునప్పుడు, మరుసటి తరములో సుమారు నాలుగింట ఒక మొక్క మరల వంధ్యమగును. తక్కినవియు పొట్టి పొడుగులై, ముందు వెనుకలై పండును. ఇది విత్తనము అమ్మినవాని మోసము గాదు, ప్రకృతి ధర్మము. పాత జొన్నను మాత్రము విత్తనమునకై తప్పక దాచవలెను. దానిని సంకర పైరుకు దూరముగా విత్తి, చేని నడుమనున్న మంచి కంకులను నూర్పుకు ముందే ఏరి వేరుగా ఉంచవలెను. జొన్న పుప్పొడి గాలికి పోవును. గట్టు దానికి అడ్డు కాదు.

చిరాగ్‌పల్లి వంటి ఊరిలో ఒక ఇల్లాలు ఈ యేడు కుండలో దాచిన పచ్చజొన్నలో, రేపటి యాసంగి సంకరమునకు కావలసిన తండ్రి ఉండవచ్చును. ఆ కుండను ఖాళీ చేయకుందుముగాక.