మూగజీవుల న్యాయము – విద్యార్థి సంపాదకులు



ఆలమందలను, గొఱ్ఱెలమందలను నమ్ముకొని బ్రదికిన కులము మనది. పశువులనుగూర్చిన న్యాయశాస్త్రము మనకు పరాయిది కానేరదు.

అమెరికాదేశమున పోర్ట్‌లాండు నగరమందు లూయిస్ అండ్ క్లార్క్ న్యాయకళాశాల గలదు. అచటి విద్యార్థుల సంపాదకత్వమున పర్యావరణ న్యాయమునకు 1970లోను, జంతు న్యాయమునకు 1995లోను ప్రత్యేక పత్రికలు వెలువడెను. వ్రాయువారు ఆచార్యులు, న్యాయవాదులు; దిద్దువారు పిల్లలు! హార్వర్డు న్యాయపత్రిక 1887లో పుట్టినది మొదలు ఆ దేశమున నిదియే పరిపాటి. ఆచార్యుడొక తీర్పు నుదాహరించినచో, విద్యార్థి యా తీర్పును తెచ్చి, పుట తెఱచి, అందా మాట యున్నదో లేదో చూచును. లేనిచో ఎంతవారినైనను నిలదీయును. విసుగు పుట్టించు చాకిరియే. కాని న్యాయవాది కన్ను అందే తెఱచుకొనును.

మన దేశమున 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చెను. తొలి నేరమునకు అందు విధించినది 10 మొదలు 50 రూపాయల జరిమానా! 2014లో సర్వోన్నత న్యాయస్థానము జల్లికట్టును, ఎడ్లపందెములను నిషేధించెను. పిమ్మట తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు చేసికొన్న సవరణలను 2023లో సమ్మతించెను. ఇంత వాదమున మందకాపరి పక్షమున, మేతబీళ్ల పక్షమున వ్రాసిన మనవారెందఱు? ముల్లుగఱ్ఱతో ఎద్దును పొడుచు దురాచారము మనలోను గలదు. దానిని కప్పిపుచ్చక వ్రాయవలసినవారును మన పిల్లలే.

పెండ్లిపందిళ్లకు వెచ్చించు చేతులు మనకు కొఱత లేదు. న్యాయశాస్త్రము చదువు మన విద్యార్థులకు తీర్పుల సంపుటములు కొనియిచ్చి, వారి సంపాదకత్వమున ఏటికొక సంచికయైనను అచ్చువేయుటకు దాతలు ఈ సభయందే నిధి నారంభింపవలెనని ప్రార్థించుచున్నాను.