భూమి పట్టా, నీటి వంతు
(మన సంఘపు సమావేశమున చేసిన ప్రసంగము)



భూసంస్కరణ మనగానే మనకు పట్టాయే తలంపునకు వచ్చును. ఈ సీమలో 1800 మొదలు 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండిన మన్రో రైతువారీని పాదుకొల్పెను. కౌలుదారు మాత్రము లెక్కలోనికి రాలేదు. 1974లో కర్ణాటక ప్రభుత్వము కౌలును రద్దుచేసి, దున్నువానికి హక్కు నిచ్చెను. అది గొప్ప కార్యమే.

అయితే పట్టా పైరును తడుపదు. 1953లో తుంగభద్ర నీరు కాలువల కెక్కినపుడు, కరవు గ్రామములు పెక్కింటికి కొద్దికొద్దిగా నీరిచ్చి, జొన్న, ప్రత్తి వంటి ఆరుతడి పైరులను నిలుపుటయే ముఖ్యోద్దేశము. కోస్తానుండి వచ్చి సిరుగుప్ప ప్రాంతపు క్యాంపులలో స్థిరపడిన మనవారు వరి నాటిరి. మా యింటివారును నాటిరి. నల్లరేగడిని చదును చేసిరి, ఊళ్లు కట్టిరి, కాదనను. కాని యెగువ మడి నిండినకొలది దిగువ తూము ఎండెను. అచ్చటి రైతులలో కన్నడిగులును గలరు, తెలుగువారును గలరు. వారికి పట్టా యున్నది, నీరు లేదు.

1959లో స్వతంత్ర పార్టీ తొలి అధ్యక్షులైన రంగాగారు సహకార వ్యవసాయము నెదిరించి, రైతు తన పొలమునకు తానే యజమాని కావలె ననిరి. నాకును ఆ మాట ఇష్టమే. అయినను పొలమువలె కాలువ ఒక్కని సొత్తు కాజాలదు. 2024 ఆగస్టులో జలాశయపు 19వ గేటు కొట్టుకొనిపోయిననాడు ఎగువవారికిని దిగువవారికిని ఒక్కటే భయము!

ఎగువ భూములు గల సభ్యులలో వచ్చు రబీకి వరి మాని జొన్నయో శనగయో వేయువా రెందరు? పేర్లు ఈ వారములోనే కార్యదర్శిగారికి తెలుపుడు. మొదటి పేరు నాది వ్రాయించితిని.