కరువు నేలపై పూత కాలము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిరాటంకముగా నడచిన గ్రంథాలయమునకు రజతోత్సవము జరుగు ఈ శుభసమయమున, విజ్ఞాన విషయమున నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినందులకు కృతజ్ఞుడను. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు హైదరాబాదున విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించినపుడు, శాస్త్రము తెలుగు మాటలలో తెలుగువారి యిండ్లకు చేరవలెనని వారు తలచిరి. ఆ తలంపునకు వారసులైనవి మన గ్రామ గ్రంథాలయములు. కావున నేడు మన పొలిమేరలోనే కనబడు ఒక శాస్త్ర విషయమును మీ ముందుంచుచున్నాను.

ఎండకును, వానలేమికిని మన చెట్లును పైరులును ఏ విధముగా తట్టుకొనుచున్నవి? ఇదియే విషయము. దీని సారమును ముందే మనవి చేసెదను. మొక్క యొక్క వేరు, కాండము, ఆకు ఎంతో కష్టము నోర్చుకొనగలవు. పూవు మాత్రము ఓర్వలేదు. పూవు విచ్చి, పుప్పొడి రాలి, గింజ పట్టు ఆ కొద్ది గడియలే మొక్క జీవితమున మిక్కిలి సుకుమారమైనవి. ఈ నేలపై వేల యేండ్లుగా నిలిచిన చెట్లన్నియు ఆ గడియను ఆపదనుండి తప్పించుకొన నేర్చినవే. మనము విత్తు పైరులకు ఆ జాగ్రత్తను మనమే చేయవలసియున్నది.

మన నేల సంగతి మీకు తెలిసినదే. వర్షములో అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు నాలుగు మాసములలో కురియును. తక్కిన ఎనిమిది మాసములు ఎఱ్ఱ చెలకలలో తేమ మిక్కిలి తక్కువ. మే మాసమున ఎండ 40 డిగ్రీల సెంటిగ్రేడును దాటును. ఇట్టిచోట మొక్కకు ప్రతిదినము ఒక చిక్కు కలుగుచుండును. ఆకుల క్రింది భాగమున కంటికి కానరాని సూక్ష్మ రంధ్రములు లెక్కకు మించియున్నవి. ఆహారము తయారు చేసికొనుటకు కావలసిన బొగ్గుపులుసు వాయువు ఆ ద్వారములగుండనే లోనికి వచ్చును. నీరు కూడ ఆ ద్వారములగుండనే ఆవిరియై పోవును. తెరచిన దాహము, మూసిన ఆకలి. ఈ చిక్కును ఒక్కొక్క మొక్క ఒక్కొక్క తీరున విప్పుకొన్నది.

నాగజెముడును, కలబందయు పగలు ద్వారములను మూసి, చల్లని రాత్రివేళ తెరచి, గాలిని లోపల నిలువచేసికొని, మరునాటి వెలుతురులో ఆహారము వండుకొనును. జమ్మిచెట్టు తన వేరును లోతుకు పంపి, పైపొరలు ఎండినను అడుగు నీటిని త్రాగును. మోదుగ ఎండలు ముదరకముందే ఆకులను రాల్చివేయును. గరిక పైన ఎండి చచ్చినట్లు కనబడినను నేలలోని కాండముతో బ్రతికియుండి, తొలకరి చినుకునకు చిగిర్చును. ఇవి శరీరమును కాపాడుకొను ఉపాయములు.

ఇక సంతానమును కాపాడుకొను ఉపాయములను చూడుడు. మోదుగ ఫిబ్రవరి, మార్చి మాసములలో ఆకులేని కొమ్మలపై ఎఱ్ఱగా పూయును. ఆకులు లేనందున పూలు దూరమునకే కనబడును. అడవిలో వేరే విందు తక్కువగా నుండు కాలము గనుక తేనెపిట్టలును, గోరువంకలును గుంపులుగా వచ్చి పుప్పొడిని చెట్టునుండి చెట్టునకు మోయును. ఒకే గింజగల తేలికకాయలు మే, జూన్ మాసములలో ఎండి గాలికి ఎగిరిపడును. అపుడే తొలకరి. వేప సంగతియు నిట్టిదే. వేపగింజ మొలకెత్తు శక్తి కొద్ది వారములలోనే క్షీణించును. అందువలన వేపపండ్లు సరిగా వానలు మొదలగు రోజులలో పండి రాలుట దానికి ప్రాణాధారము. తుమ్మకు ఆ తొందర లేదు. దాని గింజపై గట్టి పెంకు గలదు. మేకలు కాయలను తిని, గింజలను దూరమున విసర్జించును. వాని కడుపులో పెంకు కొంత మెత్తబడును. తక్కిన గింజలు సంవత్సరములు గడచినను మట్టిలో వేచియుండును.

గింజ ఎంతకాలము వేచియుండగలదో చెప్పుటకు ఒక దృష్టాంతము. ఇజ్రాయిల్ దేశములోని మసాదా కోట శిథిలములలో దొరకిన, సుమారు 2,000 ఏండ్ల నాటి ఖర్జూరపు గింజ 2005లో మొలకెత్తినది. ఆ ఖర్జూరము మన ఈతచెట్టునకు దగ్గరి జాతియే. పొడిగాలియే ఆ గింజను అంతకాలము కాపాడినది.

మన గుట్టలమీది సీతాఫలము పూత గడియ ఎంత సున్నితమైనదో కండ్లకు కట్టినట్లు చూపును. దాని పూవులో స్త్రీభాగము ముందుగాను, పుప్పొడి తరువాతను పక్వమగును. కావున ఒక పూవు పుప్పొడి వేరొక పూవునకు చిన్న పురుగులవలన చేరవలెను. వేసవిలో విచ్చిన పూలలో కీలాగ్రపు తడి పొడిగాలికి త్వరగా ఆరిపోవును. పుప్పొడి వచ్చుసరికి అది అంటుకొనదు. అందుచేత ఆ పూలలో అధికభాగము వ్యర్థముగా రాలును. వానలు పడి గాలిలో తేమ పెరిగిన తరువాతనే పిందె నిలుచును. చెట్టు అదే, గుట్ట అదే, పురుగులును అవియే. గాలిలోని తేమ ఒక్కటే భేదము.

బతుకమ్మను పేర్చు మన ఆడపడుచులకు తంగేడును, గునుగును చిరపరిచితములు. తంగేడు పొద, పశువులు మేయవు. దాని పూవున తేనె లేదు. పుప్పొడి చిన్న రంధ్రముగల తిత్తులలో నుండును. తుమ్మెద వచ్చి ఝుంకారముతో పూవును కదల్చినపుడే ఆ పుప్పొడి వెలికి రాలును. గునుగు తొలకరికి మొలచి, ఆశ్వయుజమునకు పూచి, నేల తడి ఆరకమునుపే నల్లని సన్నని గింజలను రాల్చి చనిపోవును. కరువును ఎదిరించుట దాని పని కాదు. కరువు వచ్చుసరికి అది గింజరూపమున మట్టిలో దాగియుండును.

ఇపుడు చేనిలోనికి వత్తము. జొన్నయు, మక్కజొన్నయు ఆకుల పనితనమున దగ్గరి బంధువులు. రెండును తక్కువ నీటితో ఎక్కువ ఆహారము చేయగల జాతులు. అయినను వానలు వెనుదీసిన యేట జొన్న కొంతైన పండును, మక్క చేను దెబ్బతినును. కారణమేమి? జొన్న ఆకుపై మైనపు పూత గలదు, ఎండకు ఆకును చుట్టుకొని పెరుగుదలను ఆపి, వాన రాగానే మరల సాగును. ఇది ఒక కారణము. రెండవది పూవులో నున్నది. జొన్న కంకిలో స్త్రీ పురుష భాగములు ఒకే పూవునందున్నవి. సుంకు దూరము పోనక్కరలేదు. మక్కలో సుంకు తలమీదను, పీచు నడుమునను ఉండును. నీరు చాలనపుడు పీచు వెలికివచ్చుట ఆలస్యమగును. సుంకు మాత్రము తన వేళకు రాలిపోవును. పీచు వచ్చుసరికి సుంకు ఉండదు. కంకి విప్పిచూచిన రైతునకు గింజలేని బెండు కనబడును. కావున మక్క వేసిన రైతు, ఒక్క తడికే నీరున్నపుడు, దానిని సుంకు పీచు వేళకు దాచియుంచుట ఉత్తమము.

మన పెద్దలు జొన్నలో కందిని సాళ్లుగా వేయుటలోను గొప్ప తెలివి గలదు. పాత దేశవాళీ జొన్నలలో అనేకము పగటి పొడవు తగ్గినపుడే కంకి వేయును. విత్తుట కొంచెము ముందైనను వెనుకైనను, వానలు ముగియు వేళకే పూత వచ్చును. జొన్న కోసిన పిమ్మట కంది లోతు వేళ్లతో అడుగు తేమను త్రాగి పూయును. దాని పూలలో అధికభాగము రాలిపోవును. కాని ఒక పూత పోయిన మరియొక పూత పూయు ఓపిక దానికి కలదు. ఒకే చేనిలో రెండు వేళలు, రెండు లోతులు: ఒకటి తప్పినను రెండవది ఇంటికి గింజ తెచ్చును.

ఇక వరి. బావులు, బోర్లు, చెరువులు, ఇటీవల కాలువలవలన మన ప్రాంతమున యాసంగి వరి విస్తరించినది. 2022లో ప్రారంభమైన మల్లన్నసాగర్ జలాశయము మన సిద్దిపేట జిల్లాలోనే యున్నది. నీరు వచ్చిన వరికి భయమేమని మనకు తోచును. భయము కలదు. వరి పూవు ఉదయము తొమ్మిదింటినుండి మధ్యాహ్నములోపల విచ్చి, ఇంచుమించు ఒక గంట మాత్రమే తెరచియుండును. దాని పుప్పొడి ఆయువు కొద్ది నిమిషములు. ఆ వేళ వేడి 35 డిగ్రీలను మించినచో, ఒక్క గంటసేపైనను చాలును, పుప్పొడి తిత్తులు సరిగా విచ్చక, కీలాగ్రముపై చాలినంత పుప్పొడి పడక, గింజ పట్టదు. మడి నిండ నీరున్నను, ఎరువు సమృద్ధిగా నున్నను, కంకి తాలు పోవును. మడి నీరు కొంత చల్లదనము నిచ్చునేకాని, గాలిలోని ఎండను ఏ కాలువయు ఆర్పజాలదు.

కావున యాసంగి రైతు లెక్కను తిరుగవేయవలెను. కోతనుండి కాక, పూతనుండి వెనుకకు లెక్కింపవలెను. నూటయిరువది దినముల రకము విత్తిన తొంబది దినములకు పూయునని తలచుడు. చలికాలమున మరికొన్ని దినములు పట్టును. నవంబరు నడుమ నారు పోసినచో ఫిబ్రవరి కడపట పూత వచ్చును. నారు డిసెంబరు చివరకు జారిన పూత ఏప్రిలు ఎండలలో పడును. అట్లని మరీ ముందు పోసినను కీడే. పొట్టదశ జనవరి చలికి చిక్కినచో అప్పుడును తాలు పెరుగును. ఎండకును చలికిని నడుమనున్న ఆ ఇరుకు ద్వారమున పూతను దాటించుటయే యాసంగి సేద్యపు రహస్యము. ప్రపంచమంతట వేడిమి పెరుగుచున్న ఈ కాలమున ఆ ద్వారము ఇంకను ఇరుకగుచున్నది.

శాస్త్రజ్ఞులును ఊరకుండలేదు. ఉత్తరప్రదేశములోని నగీనా పేరుగల ‘నగీనా 22’ అను పాత వరి వేడిని బాగుగ ఓర్చును. తెల్లవారుజామున చల్లని వేళనే పూయు గుణమును అడవి వరినుండి తెచ్చుటకు ప్రయత్నములు జరిగినవి. గమనింపుడు, క్రొత్త విత్తనమునకు కావలసిన గుణము పాత విత్తనమునందును, అడవి గడ్డియందును దొరకుచున్నది. మన పొరుగునగల పటాన్‌చెరువున 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యముల విత్తనపు రకములను లక్షకు పైగా చల్లని గదులలో భద్రపరచుచున్నది. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన గ్రామ మహిళా సంఘములు పాత విత్తనములను బూడిదతోను, వేపాకుతోను తమ యిండ్లలోనే కాపాడుకొన్నవి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము లభించినది.

అట్టి పని మన గ్రామమునను జరుగవలెను. గ్రంథాలయమువారికి నా మనవి యొక్కటే. బల్లపై ఒక నోటుపుస్తక ముంచుడు. ఎవరి చేనిలో ఏ రకము ఎపుడు విత్తిరి, ఎపుడు పూచెను, ఎంత తాలు పోయెను, ఆ దినములలో ఎండ యెంత, వాన యెంత అని ప్రతి పంటకు వ్రాయించుడు. చదువ నేర్చిన బాలబాలికలు పెద్దల నడిగి వ్రాయవచ్చును. ఏ గడపలో పచ్చజొన్న, పాతకంది విత్తనము మిగిలియున్నదో అదియు వ్రాయుడు. పదియేండ్లు గడచుసరికి ఆ పుస్తకము మీ అలమరలలోని ఏ గ్రంథమునకును తీసిపోదు. ఈ ఊరి నేలపై పూత ఏ వేళ నిలుచునో చెప్పగల గ్రంథము మరెచ్చటను అచ్చు కాదు. దానిని మీరే వ్రాయవలెను.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ నోటుపుస్తకములు ఒక అలమర నిండుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.