శాలువా వెనక ఏముంది?

(దేవరకొండలో స్త్రీ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాట్యం నేర్పే బడి తన పూర్వ విద్యార్థినికి శాలువా కప్పి సన్మానిస్తే మనందరికీ సంతోషమే. అయితే హక్కుల కోసం పనిచేసే మనం ఆ శాలువా వెనక ఏముందో కూడా చూడాలి.

శోభానాయుడు సంగతే తీసుకోండి. 1956లో అనకాపల్లిలో పుట్టారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీలో నేర్చుకున్నారు. మనవాళ్ళు బ్యాలేలని పిలిచే గురువుగారి నృత్యనాటకాల్లో సత్యభామగా, పద్మావతిగా, చండాలికగా పేరు తెచ్చుకున్నారు. తర్వాత హైదరాబాదులో తానే బడి నడిపి ఎందరికో నేర్పారు. 2001లో పద్మశ్రీ వచ్చింది. 2020లో కన్నుమూశారు. నాట్యమే వృత్తిగా బతికిన స్త్రీ ఆమె.

ఇది చిన్న విషయం కాదు. కూచిపూడి భాగవత మేళాల్లో ఆడవాళ్ళకు చోటుండేది కాదు. సత్యభామ వేషం కూడా మగవాళ్ళే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణశర్మ ఆ వేషానికే ప్రసిద్ధులు. మరోవైపు తరతరాలుగా ఆడిపాడిన కళావంతుల స్త్రీలను సమాజం చిన్నచూపు చూసింది. అగ్రకులాల ఇళ్ళలోకి వచ్చాకే ఆటకు గౌరవం దక్కింది. అంటే ఆ గౌరవం ఆటకా, ఆడే మనిషి పుట్టుకకా?

ఇక మన దేవరకొండకు వద్దాం. తండాల్లో తీజ్ పండుగకు పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి, తొమ్మిది రోజులు ఆడి పాడతారు. వాళ్ళకు బడి లేదు, అమ్మలే గురువులు. మంత్రులొస్తే స్వాగతానికి లంబాడా ఆడవాళ్ళే కావాలి. ఎండలో ఆడిస్తారు. ఆ రోజు పోయిన కూలి సంగతి ఎవరూ అడగరు. ఈ ప్రాంతపు తండాల నుంచే 1999లో ఆడశిశువుల అమ్మకాలు బయటపడ్డాయి. పేదరికం, కట్నం భయం వల్ల పుట్టిన పిల్లనే ఉంచుకోలేని చోట ఆమె కాలికి గజ్జె ఎవరు కడతారు?

కాబట్టి సన్మానాలకు వెళ్ళినప్పుడు అడుగుదాం. ఈమెతో పాటు చేరిన ఆడపిల్లలు ఎక్కడ ఆగిపోయారు? పెద్దమనిషి కాగానే మాన్పించారా, పెళ్ళి కుదరగానే మాన్పించారా? ఫీజు కట్టలేని పిల్లకు చోటుందా? ఆడినందుకు వచ్చే డబ్బు ఆమె చేతికే అందుతోందా?

ప్రభుత్వ హాస్టళ్ళలో సంగీతం, నాట్యం నేర్పే టీచర్లు కావాలని అర్జీలు పెడదాం. తండా ఆటకు పిలిచినవాళ్ళు రోజు కూలికి తగ్గకుండా ఇవ్వాలని పట్టుబడదాం. ఈ రెండు పనులూ మన మండలం నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నాను.