నీటికాసులపై పోరాడిన ఇలియట్
(ప్రసంగ పాఠము)



శుక్లాల వలన తగ్గిన చూపు చాలామందికి ఆపరేషన్‌తో తిరిగి వస్తుంది. గ్లాకోమా, అనగా నీటికాసుల వలన పోయిన చూపు తిరిగి రాదు. ఈ రెండవ జబ్బుతో పోరాడిన ఒక వైద్యాచార్యుని గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆయన రాబర్ట్ హెన్రీ ఇలియట్. 1864లో జన్మించిన ఆంగ్లేయుడు. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, 1904 నుండి 1914 వరకు మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రికి సూపరింటెండెంటుగా ఉంటూ నేత్రవైద్యం బోధించారు. ఆనాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే.

అప్పట్లో నాటు వైద్యులు ఊరూరా తిరిగి, శుక్లం పట్టిన కటకాన్ని సూదితో కంటిలోనికి నెట్టివేసేవారు. వెంటనే కొంత వెలుగు కనబడేది. రోగి సంతోషించేవాడు, వైద్యుడు రుసుము పుచ్చుకొని ఊరు దాటేవాడు. తరువాత అనేకుల కళ్ళు చీము పట్టియో, లోపల ఒత్తిడి హెచ్చియో పాడయ్యేవి. ఇలియట్ అట్టి కళ్ళను సేకరించి, పరీక్షించి, ఆ ఫలితాలను 1917లో లండన్‌లోని రాయల్ కాలేజీ ఆఫ్ సర్జన్స్‌లో ఉపన్యాసాలుగా చెప్పారు.

ఈ ఒత్తిడి ఏమిటి? కంటిలోపల ఒక నీరు ఊరుతూ, బయటికి పోతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు. అది పోయే దారిలో అడ్డు ఏర్పడితే ఒత్తిడి పెరిగి కంటినరం దెబ్బతింటుంది. ముందుగా పక్కచూపు పోతుంది. చాలామందికి నొప్పి ఉండదు గనుక తెలియనే తెలియదు.

1909లో ఇలియట్ తమ పద్ధతిని ప్రకటించారు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట పైపొరను లేపి, ట్రెఫైన్ అనే గుండ్రని చిన్న కత్తితో సుమారు రెండు మిల్లీమీటర్ల రంధ్రం చేసి, మరల పొర కప్పేవారు. నీరు ఆ దారిన పొర క్రిందికి చేరి ఇంకిపోయేది. ఈ ఆపరేషన్ దేశదేశాలకు ప్రాకింది. 1918లో గ్లాకోమాపై పెద్ద గ్రంథమే వ్రాశారు. 1936లో మరణించారు.

లోపం లేకపోలేదు. పొర పలుచబడి, కొందరికి ఏండ్ల తరువాత కూడా కంటిలోనికి క్రిములు చేరేవి. 1968లో కేంబ్రిడ్జిలోని కెయిర్న్స్ రంధ్రంపై తెల్లగుడ్డు పొరనే మూతవలె ఉంచే పద్ధతిని ప్రకటించారు. నేటికీ చేసే ట్రాబెక్యులెక్టమీ అదే.

అయితే, సోదరులారా, ఏ ఆపరేషన్ అయినా మిగిలిన చూపును కాపాడుటకే, పోయినదానిని తేలేదు. మన ఇండ్లలో పెద్దలకు చూపు మందగిస్తే, "శుక్లమేలే, పండనీ" అని ఊరుకుంటాము. అది శుక్లమో, నీటికాసులో పరీక్ష చేయనిదే తెలియదు. నలభై దాటినవారు, ముఖ్యంగా తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు ఉన్నవారు, కంటి ఒత్తిడిని, నరాన్ని చూపించుకొనండి. చుక్కల మందు వ్రాసియిస్తే, గుణం కనబడలేదని మానవద్దు. చూపు ఉన్నది ఉన్నట్లు నిలుచుటే దాని గుణం.

సెలవు.