క్రొత్త వేటకత్తిని పరీక్షించు విధము
(రైతులకు చేసిన ఉపన్యాసము)



ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, సుడులు చూచి, నడిపించి చూచి కాని మనము సొమ్ము చేతబెట్టము. కత్తిని కొనునపుడో దాని తళతళ మాత్రమే చూచి ఇంటికి తెచ్చుచున్నాము. వేటకత్తి యని పేరే కాని దానితో నేడు వేట లేదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే అడవి మృగముల వేట నిషిద్ధము. ముండ్లకంప నరకుటకును, తాటిమట్టలు కొట్టుటకును, కొబ్బరిబొండములు చెక్కుటకును అది మనకు కావలసియున్నది. అట్టి పనిలో పిడి యూడి అలుగు ఎగిరినచో, ఎదుట నిలిచి కంప పట్టుకొనిన పాలేరు చేయియో కాలో పోవును. కావున మొదటి వ్రేటునకు ముందే పరీక్ష జరుగవలెను.

ఈ జాగ్రత్త మన దేశమునకు క్రొత్త కాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున పూర్వము చేయబడిన ఉక్కు పారసీక దేశము వరకు పోయెడిది. హెన్రీ వోయ్సీ అను భూగర్భశాస్త్రజ్ఞుడు దానిని గూర్చి వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయినది. ఉక్కు కొనవచ్చిన పారసీక వర్తకుడు తూకమును, లోహపు గట్టిదనమును తానే పరీక్షించుకొనుచుండెనని అందు కలదు. చేసినవాడు ఎంత నేర్పరియైనను కొనువాడు పరీక్షింపవలసినదే.

మొదట అతుకును చూడుడు. అలుగు నుండి పిడిలోనికి దూరు భాగమును తోక యందురు. అది పిడి చివరివరకు పోయి మడవబడియుండుట, లేక రెండు మూడు చీలలతో బిగింపబడియుండుట మేలు. రెండంగుళముల తోకను లక్కతో అతికించిన కత్తి కూరగాయలకే కాని కంపకు పనికిరాదు. ఒక చేత పిడిని, గుడ్డ చుట్టిన వేరొక చేత అలుగును పట్టి ఇటునటు కదల్పుడు. ఏమాత్రము కదలికయున్నను దానిని వాడరాదు. అలుగు తోకగా సన్నగిలు చోట మూల గుండ్రముగా ఉండవలెను; కోసినట్లు నిలువు మూలయైనచో పగులు అక్కడనే పుట్టును.

పిడి కర్ర బాగుగా ఎండినదై, దాని ఈనెలు పొడవునా పోవలెను. పచ్చికర్ర వేసవిలో కుదించుకొనిపోయి, పిడి మొదట తొడిగిన లోహపు పొన్ను వదులగును.

పిదప అలుగు. వెన్ను వెంబడి కంటితో గురిచూచినచో వంకరయు మెలికయు తెలియును. వెన్నుపై చిన్న సుత్తితో తట్టినపుడు ధ్వని ఖంగున మ్రోగవలెను. మొద్దుగా పలికినచో అతుకు వదులో, లోపల పగులో ఉండవచ్చును. సందేహమున్నచో అలుగునకు కిరసనాయిలు పూసి, కొంతసేపటికి పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లుడు. పగులున్నచో అందు దాగిన నూనె పైకి ఊరి సుద్దపై నల్లని గీత తేలును.

ఇక పదను. మెత్తని ఇనుము ఎంత కాల్చి ముంచినను గట్టిపడదు. నూటికి అరపాలు మొదలు ఒకపాలు వరకు కర్బనము కలిగిన ఉక్కే కత్తికి తగినది. లారీ కమాను పట్టీలతో మన కమ్మరులు చేయు కత్తులు ఇందుచేతనే మన్నుచున్నవి. ఎర్రగా కాల్చి ముంచిన ఉక్కు గాజువలె పెళుసగును. దానిని మరల సుమారు 200 మొదలు 300 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వెచ్చజేసినపుడే పెళుసుతనము తగ్గును. ఈ రెండవ కాపు సరిగా జరిగినదో లేదో ఆకురాయి చెప్పును. వెన్నుపై ఆకురాయి సులభముగా కోయవలెను. వాదరపై కష్టముతో కోయవలెను. వాదరపై గాజుమీదవలె జారినచో అతిగట్టి. ముడికి తగిలినచో పెచ్చులూడును. వెన్నువలెనే తెగినచో మెత్తన, వాదర మడతపడును.

వాదర వెంట నీలిరంగు కనబడినచో సానచక్రముపై వేడెక్కి పదను చెడినదని యెరుగునది. అట్టి కత్తిని వెంటనే నిందింపరాదు. చెడినది పైపొర మాత్రమే అయినచో రెండు మూడు మారులు చేతి సానరాతిపై నీరు పోయుచు నూరినపిమ్మట లోపలి మంచి ఉక్కు బయటపడును.

కడపట పని పరీక్ష. ఎవరును దగ్గర లేకుండ చూచి, ఎండిన తుమ్మకొమ్మపై ఇరువది వ్రేటులు వేయుడు. వాదరను వెలుతురునకు పట్టి చూడుడు. మెరయు చుక్క కనబడినచోట వాదర మడిగినది. నొక్కు కనబడినచోట విరిగినది. రెండును లేక అరటియాకును ఈడ్చి కోసినచో కత్తి మంచిదే. పిడిని మరల కదల్చి చూచుట మరువకుడు.

దోషములన్నియు సమానములు కావు. మొద్దు వాదర, గరుకు పిడి మీరే సరిదిద్దుకొనవచ్చును. మెత్తనిదియు, పెళుసైనదియు, వదులు తోకయు కమ్మరి కొలిమిలో బాగుపడవచ్చును. అయితే మెత్తదనము ఇనుముదే అయినచో కొలిమియు ఏమియు చేయలేదు. పగిలిన అలుగును, పొట్టి తోకను మాత్రము అమ్మినవానికి తిరిగి ఇచ్చివేయవలెను. కావున కొనునపుడే పరీక్షించి నచ్చనిచో తిరిగి ఇచ్చెదమని మాట తీసికొనుడు. మంచి కమ్మరి ఈ మాటకు కోపగింపడు. కత్తి ధర మరల సంపాదింపవచ్చును. పాలేరు చేతివ్రేలు సంపాదింపరానిది.